మాగిన టమాటాలు, పేరుమోసిన వేటగాడు

ఆఫ్రికాలో అడవిదున్నను వేటాడి వచ్చానని టీవీల్లో గొప్పలు చెప్పుకునే సినిమా హీరో ఒకడు నిరుడు హార్స్‌లీ హిల్స్ రిసార్టులో దిగాడు. అభిమానులకు ఎయిర్‌గన్‌తో తన గురి చూపిస్తాడట. కాల్చడానికి టమాటాలు కావాలట. టమాటా పండించేవాణ్ని కదా, రిసార్టు మేనేజరు నాకు ఫోను చేశాడు.

"గట్టి కాయలొద్దప్పా, బాగా మాగినవి తీసుకురా. తగిలితే రక్తం మాదిరి సిందాల."

మదనపల్లె మార్కెట్లో ధర లేక పారబోయాల్సిన కాయల్ని మా బావ ఆటోలో వేసుకుని ఇద్దరం కొండెక్కాం. వాటిని పిట్టగోడ మీద వరసగా పేర్చాం.

హీరో నల్ల కళ్లద్దాలు, పచ్చ టోపీ, నడుముకు తూటాల బెల్టు పెట్టుకుని వచ్చాడు. ఆ సింగారానికే సగం పొద్దు పోయింది. మొదటి దెబ్బ గోడకు తగిలింది. వెంట వచ్చిన భజన బృందం చప్పట్లు కొట్టింది. రెండోది చెట్టుకు తగిలింది. దానికీ చప్పట్లే. సిగ్గనేది వాళ్లతో పాటు కొండ ఎక్కినట్టు లేదు.

అంతలో ఒక కోతి గోడెక్కి, ఒక టమాటా చేతికి తీసుకుని, అతని వైపు చూసి పళ్లు ఇకిలించింది. అడవిదున్నను కొట్టిన వీరుడు ఎయిర్‌గన్ కింద పారేసి, కారులో దూరి అద్దాలు ఎక్కించుకున్నాడు. కోతి తీరిగ్గా కాయ తర్వాత కాయ తింటూ కూర్చుంది. ఒక్కదానికీ గుండు దెబ్బ లేదు.

కొండ దిగుతూ బావ అడిగాడు.

"అంత మొగోడు యాల పరిగెత్తినాడప్పా? తుపాకీ కోతి సేతిలో గాని ఉన్నిందా?"