వాసన పోయిన మంత్రసాని

కొత్తగూడ చుట్టుపక్కల ఎవరికి నొప్పులొచ్చినా ముందు సక్కుబాయికే కబురు వెళ్లేది. చేతి నేర్పు మంత్రసానులందరికీ ఉంటుంది. సక్కుబాయికి అదనంగా ఉన్నది ముక్కు. బాలింత గుడ్డ వాసన చూసి, లోపల చెడు చేరిందో లేదో జ్వరం రాకముందే చెప్పేది. ఇరవై ఏళ్లలో ఆ మాట తప్పలేదు.

1968 వానాకాలం చివర్లో ఊరంతా జ్వరాలు పడ్డాయి. సక్కుబాయి ఐదు రోజులు ఒళ్లు తెలియకుండా పడి ఉంది. ఆరో రోజు లేచి పొయ్యి రాజేసింది. మంట కనబడుతోంది, పొగకు కళ్లు మండుతున్నాయి, వాసన మాత్రం లేదు. వెల్లుల్లి నలిపి ముక్కుకు ఆనించుకుంది. ఏమీ లేదు. పచ్చిపులుసు తాగితే ఉప్పూ పులుపూ తెలిశాయి గాని, తాగింది పచ్చిపులుసని తెలియలేదు.

పడిశం తగ్గింది. ముక్కు తేటపడింది. వాసన రాలేదు.

అప్పటినుంచి ఆమెకు సొంత ఇల్లే పరాయిదిగా తోచసాగింది. కొట్టంలో గేదెలు బొమ్మల్లా నిలబడి ఉండేవి. పక్కింటివాళ్లు ఎదురుగా మాట్లాడుతున్నా ఎక్కడో దూరాన పెదవులాడిస్తున్నట్టుండేది. ఒక మధ్యాహ్నం బియ్యం చెరుగుతూ తల తిప్పితే, వీపు వెనకే మొగుడు బాలనర్సయ్య నిలబడి ఉన్నాడు. చెమటా బీడీ కలిసి ఎప్పుడూ మనిషికంటే ముందొచ్చే వాసన రాలేదు. సక్కుబాయి కెవ్వుమని చేట విసిరేసింది.

"నేనే! గిట్ల జడుసుకుంటవేంది?"

"నువ్వు నువ్వు లెక్క లేవు" అంది సక్కుబాయి.

రెండు నెలలకు ఒక వాసన వచ్చింది. తెల్లారి వాకిలి ఊడుస్తుంటే వెంట్రుకలు కాలుతున్న కంపు. పొయ్యి చూసింది, చల్లగా ఉంది. కప్పు చూసింది, గడ్డివాము చుట్టూ తిరిగింది. ఎక్కడా నిప్పు లేదు. బావి దగ్గరికి పోతే అక్కడా అదే కంపు. అన్నం ముద్దలోనూ అదే. గాలి సోకిందన్నారు జనం. బాలనర్సయ్య ఆమెను బస్సెక్కించి పట్నంలో దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరు భీమేశ్వరరావు కోస్తా నుంచి వచ్చినాయన. దీపం పెట్టి ముక్కు లోపల చూశాడు.

"తలకెప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందా అమ్మా?"

"లేదు సారూ."

"లోపల కండ కూడా పెరగలేదండీ" అన్నాడు బాలనర్సయ్యతో. "ఆ మధ్య వచ్చిన జ్వరమే ముక్కు పైన వాసన పట్టేచోటును పాడుచేసింది. జ్వరం పోయినా ఆ దెబ్బ మానలేదు."

"మరి ఈ కాలిన కంపేంది సారూ?" అని అడిగింది సక్కుబాయి.

"అది లేని వాసనమ్మా. దెబ్బతిన్న నరాలు సరిగ్గా కోలుకోక తప్పుడు కబురు చెబుతున్నాయి. కొందరికి ఏడాదికో రెండేళ్లకో సర్దుకుంటుంది. కొందరికి సర్దుకోదు. మందు లేదు, నేను అబద్ధం చెప్పలేను."

దయ్యం కాదని బాలనర్సయ్య ఊపిరి పీల్చుకున్నాడు. దయ్యమైతేనే నయమనిపించింది సక్కుబాయికి. దాన్ని వదిలించేవాళ్లయినా ఉంటారు.

వాసన పోయిన సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఎండాకాలంలో వీరేశం భార్య నీలమ్మకు పురుడు పోసింది. మూడో రోజు చూడబోయి, అలవాటు కొద్దీ గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుంది. కాలిన వెంట్రుకల కంపు తప్ప ఏమీ లేదు.

"ఎట్లుంది సక్కవ్వా?" అంది నీలమ్మ అత్త బాలమణి.

"మంచిగనే ఉంది." మాట నోరు జారిపోయింది.

గడప దాటుతూ వెనక్కి చూసింది. నీలమ్మ గోడవైపు తిరిగి, అక్కడ లేని ఎవరినో చూసి సన్నగా నవ్వుతోంది. సక్కుబాయి గడప మీదే ఆగిపోయింది. గదిలో ఏదో ఉంది. అది తన పక్కనే ఉన్నా తనకు అందడం లేదు.

"బాలమణీ, ఈ గుడ్డ నువ్వు వాసన చూడు."

"నేనా? నువ్వు చూసినవు గద!"

"నా ముక్కు సచ్చి ఆర్నెల్లయింది. ఇప్పుడు నేను చెప్పింది అబద్ధం. చూడు!"

బాలమణి గుడ్డ ముక్కుకు ఆనించి చటుక్కున దూరం పెట్టింది. "కుళ్లిన కంపు! పొద్దుగాల్నుంచి యాడనో ఎలుక సచ్చిందనుకుంటున్న."

సక్కుబాయి చెయ్యి వేసి చూస్తే నీలమ్మ పొట్ట పెనంలా కాలిపోతోంది. వీరేశం అప్పటికప్పుడు బండి కట్టాడు. పన్నెండు రోజులు దవాఖానలో ఉండి నీలమ్మ బతికొచ్చింది. ఇంకొక్క రోజు ఆగితే దక్కేది కాదన్నారు అక్కడివాళ్లు.

ముక్కు లేని మంత్రసాని ఎందుకని కొన్ని ఇళ్లవాళ్లు పిలవడం మానేశారు. పిలిచిన చోటికి బాలమణిని వెంటబెట్టుకుని వెళ్లేది. మూడో ఏడు కాలిన కంపు దానంతటదే పోయింది. కిరోసిను, వెల్లుల్లి లీలగా తెలియసాగాయి. మనుషుల వాసన రాలేదు.

1973లో నీలమ్మకు మళ్లీ కాన్పయింది. ఆడపిల్ల. స్నానం పోసి, మెత్తటి చీరముక్కలో చుట్టి తల్లి పక్కన పడుకోబెట్టాక సక్కుబాయి అక్కడే కూలబడింది.

"జర చెప్పు నీలమ్మా, పిల్ల ఎసొంటి వాసనొస్తుంది?"

నీలమ్మ బిడ్డ నెత్తి మీద ముక్కు పెట్టి పీల్చింది. చెప్పబోయి ఆగింది. మళ్లీ పీల్చింది.

"ఏమని చెప్పాలె సక్కవ్వా? పిల్ల వాసనే వస్తుంది" అంది.