మొత్తుకోదు అని చెప్పాను

ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం నుంచి దీన్ని మోస్తున్నాను. ఎవరితోనైనా అనేద్దామని నోటిదాకా తెచ్చుకున్న ప్రతిసారీ భయం వేసి మింగేశాను. మొదట్లో పోలీసులంటే భయం. తర్వాత మా వాళ్ళంతా ఏమంటారోనని భయం. ఇప్పుడు ఒక ముసలామె ఎదురొస్తే భయం. ఆమె నన్ను ఏమీ అనదు. బాగున్నావా కొడుకా అని నవ్వుతుంది. నేను ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తూ పక్క సందులోకి తిరిగిపోతాను.

సూటిగా చెప్పేయాలి, లేకపోతే మళ్ళీ తప్పించుకుంటాను. నేను రిపేరు చేసి ఇచ్చిన మిషను వల్ల ఒక ఇల్లాలు ఊపిరాడక చనిపోయి ఉండవచ్చు. ఉండవచ్చు అంటున్నాను, చూశారా? ఇన్నేళ్ళుగా ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాను. నింద మాత్రం నా మీద పడలేదు. పోసవ్వ మీద పడింది. ఆ నవ్వే ముసలామె పోసవ్వే.

మాది సిరిసిల్ల వైపు. నాన్న మగ్గాల పనికని సూరత్ వచ్చాడు. నాకు ఆ మోత పడలేదు. ఒక టీవీ షాపులో చేరి పని నేర్చుకుని, బమ్రోలిలో చిన్న దుకాణం పెట్టుకున్నాను. మగ్గాల బోర్డులు, మిక్సీలు, ఇన్వర్టర్లు, ఏది తెచ్చినా విప్పుతాను. వీడి చెయ్యి పడితే పని అయినట్టే అని మా వాళ్ళు అంటారు. ఆ మాటంటే నాకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు. అది పోతుందన్న భయం కూడా ఈ పాపంలో ఒక భాగం.

పని గురించి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది పొరపాటు అనుకుంటారు. బోర్డు మీద ఒక పార్టు మార్చాలంటే ముందు దాని కాళ్ళను పట్టి ఉంచిన టంకం తీసేయాలి. సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి, గట్టిపడేలోపు సక్కర్‌తో లాగేస్తాం. సక్కర్ అంటే చేతి పంపు, లావుపాటి పెన్నులా ఉంటుంది. పిడి లోపలికి నొక్కితే స్ప్రింగు బిగుస్తుంది. మీట నొక్కితే పిడి టక్కున వెనక్కి వచ్చి, కరిగిన టంకాన్ని గొట్టంలోకి పీల్చేస్తుంది. కొనేటప్పుడు నేను మూతికి వేలు అడ్డం పెట్టి మీట నొక్కి చూస్తాను. చర్మాన్ని గట్టిగా పట్టుకోవాలి, పట్టుకుని కాసేపు వదలకూడదు. వెంటనే వదిలేసిందంటే లోపలి రబ్బరు రింగు బాగా లేదన్నమాట. మూతి మెత్తటి సిలికాన్‌ది అయితే టంకం చుట్టూ గాలి చొరకుండా అతుక్కుంటుంది. గట్టి ప్లాస్టిక్ మూతి ఎక్కడో ఒక పక్క సందు వదులుతుంది.

నా దగ్గర రెండు ఉండేవి. ఒకటి అల్యూమినియం గొట్టం, మెత్తటి మూతి ఉన్నది. దాన్ని విప్పి, తుడిచి, రింగుకు నూనె రాసి కన్నబిడ్డలా చూసుకునేవాణ్ణి. రెండోది చౌక ప్లాస్టిక్‌ది. నీళ్ళు పడ్డ బోర్డులకూ, మసి పట్టిన బోర్డులకూ వాడి పారేద్దామని ఉంచుకున్నది.

ఇంకొక్క సంగతి. ఒకే చోట మళ్ళీ మళ్ళీ వేడి చేయకూడదు. పాత టంకం రాకపోతే కాస్త కొత్త టంకం కలిపి కరిగించాలి. అప్పటికీ రాకపోతే బోర్డును చల్లారనివ్వాలి. లేదంటే బోర్డుకు అంటుకుని ఉన్న రాగి పొర లేచిపోతుంది. పని నేర్చుకునే రోజుల్లోనే నాకిది తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

కరోనా మొదటి విడతలో మా అన్న పోయాడు. ముఖం కూడా చూడనివ్వలేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన మనిషిని దూరం నుంచి చూసి ఇంటికి వచ్చాను. ఆ తర్వాత భయం నాకు రోజువారీ వ్యవహారమైపోయింది. తలుపు గడియ ముట్టుకుంటే భయం. దగ్గు వస్తే భయం. రెండో విడతలో షట్టరు సగం దించి, బల్ల అడ్డం పెట్టి, వచ్చిన ప్రతి వస్తువు మీదా శానిటైజరు కొట్టి, అది ఎండాకే లోపలికి తీసుకునేవాణ్ణి. నా ఇంట్లో చిన్నపిల్లలున్నారు కదా అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే నా ప్రాణం గురించే ఎక్కువ భయపడ్డాను.

అప్పుడు వచ్చాడు రాజమల్లు. భేస్తాన్‌లో ఉంటాడు, మగ్గం పని. అతని భార్య లచ్చవ్వకు జబ్బు తగిలి ఊపిరి అందడం లేదు. ఏ ఆస్పత్రిలోనూ మంచం దొరకలేదు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషనొకటి మా వాళ్ళ సంఘం తెప్పించి, అవసరమున్న ఇళ్ళకు వంతులవారీగా ఇస్తోంది. అది లచ్చవ్వ దగ్గర ఉంది. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది, ఆగినప్పుడల్లా కీకీమని అరుస్తోంది. దాన్ని ఆటోలో వేసుకుని తెచ్చాడు. ఆమెను అప్పటికి ఒక చిన్న సిలిండరు మీద ఉంచాడు. అది అయిపోవస్తోంది.

మిషను విప్పగానే తెలిసిపోయింది. మోటారుకు కరెంటు ఇచ్చే రిలే పాడైంది. అలాంటి రిలే నా దగ్గర ఉంది. పాతది తీసి కొత్తది వేయడమే. కళ్ళు మూసుకుని చేసే పని.

కానీ ఆ మిషను ఆమె మంచం పక్క నుంచి వచ్చింది. ఆమె ఊపిరి తగిలిన దుమ్ము దాని లోపల ఉంది. సక్కర్ పిడిని మళ్ళీ లోపలికి నొక్కినప్పుడు అందులోని గాలి, టంకం పొడి మూతిలోంచి బుస్సున బయటికి వస్తాయి. అన్నాళ్ళూ దాన్ని నేను పట్టించుకున్నదే లేదు. ఆ రోజు మాత్రం ఆ గాలి నా ముఖం మీదికి వస్తుందని, అందులో ఆ జబ్బు ఉంటుందని అనిపించి వెనక్కి జరిగాను. నా మంచి సక్కర్‌లోకి ఆ జబ్బు పోతుందని కూడా అనుకున్నాను. ఆ తర్వాత దాన్ని ఎలా ముట్టుకోవాలి?

చెయ్యి ఆ వాడి పారేసే సక్కర్ మీదికే పోయింది.

అదే నా నేరం. అక్కడే మొదలైంది. ఒక మనిషి ఊపిరి ఆధారపడిన బోర్డు నా ముందు ఉంటే, మంచి పనిముట్టు మురికవుతుందని దాచుకుని, చెత్త బోర్డులకు వాడేది తీశాను. దాన్నైనా సరిగా పట్టుకున్నానా? చేతులు చాచి, ముఖం పక్కకు తిప్పి, మూతిని టంకానికి ఆనించీ ఆనించకుండా పట్టుకున్నాను. సగం టంకమే వచ్చింది. మళ్ళీ కరిగించాను. మళ్ళీ రాలేదు. కొత్త టంకం కలపలేదు, చల్లారనివ్వలేదు. తొందరగా అయిపోతే చాలు, ఈ మిషను నా బల్ల మీద నుంచి పోతే చాలు. చివరికి రిలేను పట్టకారుతో గట్టిగా గుంజాను. అది ఊడింది. దానితోపాటు రాగి పొర కూడా లేచింది, పక్కనుంచి కరెంటు పోయే సన్నటి రాగి గీత ఒకటి తెగింది.

కొత్త రిలే వేశాను. మిషను నడిచింది. ఆక్సిజన్ వచ్చే గొట్టాన్ని వేళ్ళతో నలిపి పట్టుకున్నాను. గాలి అడ్డుపడితే ఆ మిషను అరవాలి. అరవలేదు. మళ్ళీ నలిపాను. అరవలేదు. తెగిన గీత ఆ అరుపు చేసే బజర్‌కు వెళ్ళేది. ఒక చిన్న వైరు ముక్క ఈ కొస నుంచి ఆ కొసకు టంకం పెడితే సరిపోయేది. దానికి మళ్ళీ విప్పాలి, మళ్ళీ ముఖం వంచాలి. నేను మూత బిగించేశాను.

రాజమల్లు షట్టరు కింద నుంచి వంగి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అయ్యిందా అన్నా?"

"అయ్యింది. తీస్కపో. జర దూరముండు."

"ఇగ మొత్తుకోదు గదనే? అది ఊకె మొత్తుకుంటాంటే ఆమెకు బుగులైతాంది."

"మొత్తుకోదు."

"నీ కాళ్ళు మొక్కుత అన్నా," అన్నాడు.

ఆ ఒక్క మాట చూడండి. అతను అడిగింది, ఉత్తపుణ్యానికి అరవదు కదా అని. నేను చెప్పింది, ఏమైనా సరే అరవదని. మాట ఇద్దరిదీ ఒకటే. నేను అబద్ధం కూడా ఆడలేదు. ఎన్నోసార్లు ఈ లెక్క వేసుకుని నన్ను నేను సముదాయించుకున్నాను. అబద్ధం ఆడనివాడు అంత వేగంగా షట్టరు దించుకుంటాడా?

మరుసటి రోజు మధ్యాహ్నం రాజమల్లు సిలిండరు నింపించుకోవడానికి వెళ్ళాడు. పక్క గదిలో ఉండే పోసవ్వను గడప బయట కూర్చోబెట్టాడు. లోపలికి పోవద్దు, మిషను మొత్తుకుంటే నాకు ఫోను చెయ్యి, అని చెప్పాడు. చూశారా, ఆ మిషను అరుపు మీద అతనికి ఎంత నమ్మకమో. పోసవ్వ ముక్కుకు కొంగు కట్టుకుని, తలుపుకు ఆనుకుని కూర్చుంది. లచ్చవ్వ గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు గొట్టం మంచానికీ గోడకూ మధ్య నలిగింది. మోటారు మోగుతూనే ఉంది. అంతా బాగానే ఉందనుకుంది పోసవ్వ. రాజమల్లు వచ్చి చూసేసరికి గొట్టం అలాగే నలిగి ఉంది, లచ్చవ్వ ప్రాణం లేదు.

వార్త విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. ముందు ఆ మిషను గుర్తొచ్చింది. అది ఇంకో ఇంటికి పోతుంది. అక్కడ ఇంకొకరు చస్తారు. లేదా ఎవరైనా విప్పి చూస్తే నా చేతి పని బయటపడుతుంది. ఈ రెండింటిలో దేనికి ఎక్కువ వణికాను? ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. రాయలేకపోతున్నాను.

సంఘం వ్యవహారాలు చూసే నర్సయ్య కాకకు ఫోను చేసి, ఒకసారి చూసి ఇస్తానని మిషను తెప్పించుకున్నాను. ఈసారి మంచి సక్కర్ తీశాను. ముఖం బోర్డు దగ్గరికి వంచి, పొర లేచిన చోటంతా శుభ్రం చేసి, వైరు ముక్క వేశాను. చాలా అందంగా వచ్చింది పని. ఇంకొకరి ప్రాణం కాపాడాను అనుకోవచ్చు. సాక్ష్యం తుడిచేశాను అని కూడా అనుకోవచ్చు.

సంఘం గది ముందు, అందరూ దూరదూరంగా నిలబడి ఉండగా, గొట్టం నలిగితే మిషను అరుస్తుందో లేదో చూద్దామని నర్సయ్య కాక దాన్ని మడిచి పట్టుకున్నాడు. మిషను వీధి చివరిదాకా వినబడేలా అరిచింది. అందరి తలలూ పోసవ్వ వైపు తిరిగాయి. చాలా ఏళ్ళు కార్ఖానాలో కండెలు చుట్టిన మనిషి, ఆ మోతకు చెవులు పోయి ఉంటాయని ఎవరో అన్నారు. నిద్రపోయిందని ఇంకెవరో అన్నారు. రాజమల్లు ఆమె వైపు చూసి, మొహం తిప్పుకున్నాడు. అప్పటి నుంచి ఆమెతో మాట్లాడటం లేదు. నేను మాత్రం అక్కడే, మిషను పక్కనే, మంచి పని చేసినవాడిలా నిలబడి ఉన్నాను.

పనికి పోయే తల్లులు పిల్లలను పోసవ్వ దగ్గర వదిలి వెళ్ళేవారు. ఆమె బతుకుతెరువు అదే. తర్వాత ఎవరూ వదల్లేదు.

కొన్నాళ్ళకు ఆమె నా దుకాణానికి వచ్చింది. రిపేరుకు ఏమీ తేలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడి, "కొడుకా, నువ్వు మిషిన్లు ఎరిగినోనివి. అది ఒకపారి మొత్తుకొని, ఒకపారి మొత్తుకోకుంట ఉంటదా?" అని అడిగింది.

ఇంతకంటే సూటిగా నన్ను ఇంకెవరు అడగగలరు? దేవుడు దిగివచ్చినా ఇంతే అడుగుతాడు. నోరు తెరిచాను. అన్న గుర్తొచ్చాడు, పిల్లలు గుర్తొచ్చారు, రాజమల్లు ఎర్రటి కళ్ళు గుర్తొచ్చాయి.

"ఉండదవ్వా," అన్నాను.

"అట్లయితే నాకే కన్ను మూతవడ్డదేమో బిడ్డా," అని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నన్ను ఓదార్చినట్టు చెయ్యి ఊపింది.

గొట్టం నలగకపోయినా లచ్చవ్వ బతికేదో లేదో నాకు తెలియదు. డాక్టర్లకూ తెలియకపోవచ్చు. దాని వెనక ఇక దాక్కోను. నాకు తెలిసినది ఇంతే. పోసవ్వ నిద్రపోలేదు. ఆమె చెవులు బాగానే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం మిషను మొత్తుకోలేదు. అది మొత్తుకోలేదని, నా చేతిలోనే దాని గొంతు తెగిందని, ఇచ్చేటప్పుడే నాకు తెలుసు.

ఈ మాటలు ఆమె ముందు అనగలనా? ఇంకా భయంగానే ఉంది. అయినా, ఎన్నాళ్ళుగానో పట్టేసిన ఊపిరి ఇప్పుడు కాస్త ఆడుతోంది. లచ్చవ్వకు దొరకనిది నాకు దొరుకుతోందని సిగ్గుగా ఉంది.