మా హాల్టులో ఆగని లోకల్

మొన్న బిలాస్‌పూర్ వెళ్లాల్సి వచ్చి, పక్కింటి అమ్మాయి నాకు ఫోన్లో టికెట్టు తీస్తూ ఎక్కడ ఎక్కుతారని అడిగితే, అలవాటు కొద్దీ మా హాల్టు పేరే చెప్పాను. అక్కడ బండ్లేవీ ఆగవాంటీ అంటూ రాయ్‌పూర్ నుంచి తీసిపెట్టింది. ఆగవని నాకూ తెలుసు. ఎందుకు ఆగవో ఆ పిల్లకు చెప్పాలనిపించలేదు గానీ, నా ఈడువాళ్లైన మీకు చెప్పుకోవచ్చు.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. మా ఆయన సిల్తారా ఫ్యాక్టరీలో, నేను తిల్దా ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ, హాల్టు ఎదురుగా చిన్న ఇల్లు కట్టుకున్నాం. హాల్టంటే ఒక రేకుల షెడ్డూ, కమీషన్ మీద టికెట్లమ్మే ఒక పెద్దాయనా, అంతే. గోదావరి వైపు నుంచి వచ్చిన మా చర్చి కుటుంబాల ఆడవాళ్లం కొందరం, రాయ్‌పూర్ నుంచి వచ్చే పొద్దుటి లోకల్లో కలిసి తిల్దాకు పనులకు వెళ్లేవాళ్లం.

మా అందరికీ ఒక అన్నయ్య ఉండేవారు. రక్తసంబంధం లేదు, చర్చిలో పెద్ద, మా హాల్టులోనే మాతోపాటు ఎక్కే తిల్దా రైస్ మిల్లు గుమస్తా. “నెల పాస్ కోసం మీరెందుకమ్మా పరేషాన్ అవడం, హాల్టు నుంచి కాకుండా రాయ్‌పూర్ నుంచి తిల్దా దాకా బనాయిస్తే, రాయ్‌పూర్లో చర్చికీ బజారుకీ కూడా అదే చల్తుంది కదా,” అని ఆదివారం ప్రార్థన అయ్యాక మా పాత పాసులన్నీ పట్టుకెళ్లి పెద్ద స్టేషన్లో కొత్తవి చేయించి తెచ్చేవారు. మాకూ అది సుఖంగానే ఉండేది. ఇక్కడ అమ్మకం లేకపోతే బండి ఆగదని హాల్టు పెద్దాయన గొణుగుతుంటే, పాపం కమీషన్ కోసం ఏడుస్తున్నాడనుకుని నవ్వుకునేవాళ్లం.

కొన్నేళ్లకు అన్నయ్య రాయ్‌పూర్ స్టేషన్ దగ్గర ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. గృహప్రవేశానికి వంటంతా మేమే చేశాం. ఆ తర్వాత బండి మా హాల్టుకు వచ్చేసరికి ఆయన అందులోనే ఉండి, మా కోసం సీట్ల మీద రుమాళ్లు పరిచి ఉంచేవారు.

ఇంతలో, టికెట్ల లెక్కల్లో ఎక్కేవాళ్లు లేరని మా హాల్టులో లోకల్ ఆపడం మానేస్తారనీ, చూసి తేల్చడానికి రైల్వే అధికారి వస్తున్నాడనీ కబురు వచ్చింది. ఆ ఏడే నన్ను వార్డు ఇన్‌ఛార్జిని చేస్తామన్నారు; ఈ బండి పోతే పొద్దుటి డ్యూటీకి చేరే దారే లేదు. పరుగున వెళ్లి చెబితే అన్నయ్య, “సాబ్ వస్తున్నాడు కదా, నేను మాట్లాడతా చెల్లీ, ఫికర్ చెయ్యకు,” అన్నారు. మా పాసులన్నీ చేయించిన మనిషి కంటే గట్టి సాక్షి ఎవరుంటారని నిశ్చింతగా నిద్రపోయాను.

అధికారి వచ్చిన రోజు మేమంతా పాసులు చేత పట్టుకుని నిలబడ్డాం. అన్నయ్య బండి దిగి, నా చేతిలోని పాసు తీసుకుని ఆయనకు చూపిస్తూ, చూడండి, వీళ్లంతా రాయ్‌పూర్ ప్యాసింజర్లే, అక్కడే ఎక్కుతారు, ఇక్కడ ఆపితే అందరికీ లేటు అని హిందీలో నిదానంగా చెప్పారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అలా అయింది మా పని. అదే బండి ఎక్కాం, ఎక్కక ఏం చేస్తాం. ఆ రోజు కూడా రుమాళ్లు పరిచే ఉన్నాయి. ఎవరమూ కూర్చోలేదు.

ఆపడం మానేశారు. నేను చీకటితో లేచి ఆటోలో రాయ్‌పూర్ వెళ్లి ఎక్కితే, ఆ బండే మా ఇంటి ముందునుంచి దూసుకుపోయేది. పెరట్లో నేను ఆరేసిన బట్టలు నాకే కనిపించేవి. చిన్నపిల్లలతో అలా ఎన్నాళ్లో సాగలేదు. ఇన్‌ఛార్జి పదవి ఇంకొకరికి పోయింది, నేను దగ్గర్లోని చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరిపోయాను. ఒకసారి చర్చి మెట్ల మీద ఆయన్ని అడిగేశాను కూడా. “పది నిమిషాలు ముందే చేరుతున్నాం కదమ్మా, అందరికీ ఫాయ్‌దాయేగా,” అన్నారు. పది నిమిషాల కోసమట!

ఇప్పుడు ఎవరి టికెట్టు వాళ్ల ఫోన్లోనే. ఒకరి పాసు ఇంకొకరి చేతిలో పెట్టే రోజులు పోయాయి, అలా మోసపోయే రోజులూ పోయాయి. మంచిదే అనుకుంటాను గానీ, అలా నమ్మగలిగిన మనుషులుగా ఉన్నప్పుడు మేమెంత హాయిగా ఉన్నామో ఈ పిల్లలకు తెలియదు.

ఆయన ఇప్పటికీ చర్చిలో ముందు వరసలోనే కూర్చుంటారు, బయటికి వస్తూ “బాగున్నావా చెల్లీ” అని పలకరిస్తారు. బాగున్నానండీ అంటాను. అన్నయ్యా అనడం మానేసి ఇన్నేళ్లయినా, ఆయన అది గమనించినట్టే లేదు.