ఇనప గానుగ మూలుగు

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటి నుంచీ చిరాకే. ఎవరికైనా పూనకం వచ్చిందంటే, రెండు రోజులు కడుపునిండా తిండి పెడితే అదే పోతుందనేదాన్ని. ఇప్పటికీ ఆ మాటే అంటాను. ఈ ఒక్క సంగతి మాత్రం ఎటూ తేల్చుకోలేకపోయాను.

మాది కడియం దగ్గర ఒక పల్లె. చెక్క గానుగలు మూలపడి, చెరకాడడానికి ఇనప గానుగలు కొత్తగా దిగిన రోజులవి. మా ఆయన కమ్మరి. వాటి పళ్ళ చక్రాలు అరిగినా విరిగినా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయనే వెళ్ళాలి. నేను ఆయనకి రెండో పెళ్ళాన్ని. మొదటావిడ వీరమ్మ జ్వరమొచ్చి పోయింది. మా వాళ్ళ ఆచారం ప్రకారం పోయినావిడ పేరున ఒక వెండి బిళ్ళ నా మెళ్ళో వేశారు. ఒంటికి రాసుకుంటూ పగలూ రాత్రీ ఆవిడ నాతోనే ఉండేది.

అది చాలదన్నట్టు, ఏ ఊరెళ్ళినా ఆవిడ పాటే. రోకలి ఒక కొస చక్రం ఇరుసుకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, మోతని బట్టి జబ్బెక్కడుందో ఇట్టే చెప్పేదట. గానుగ ఒట్టిగా తిరుగుతూ మోగితే ఒక జబ్బు, చెరకు పెట్టాక మోగితే ఇంకోటి. మా ఆయనకి ఆ విద్య నేర్పింది కూడా ఆవిడేనని జనం నా ముందే అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. పోయిన మనిషితో ఏం పోటీ పడతాం చెప్పండి? ఆవిడ కూర మాడ్చిన రోజు ఎవరికీ గుర్తుండదు.

ఆ ఏడు మాఘమాసంలో మా కామందు గారి గానుగ మూలగడం మొదలెట్టింది. ఒట్టిగా తిప్పితే చప్పుడు లేదు. చెరకు పెట్టగానే మూలుగు. ఎద్దులు బెదిరి ఆగిపోయేవి. నరికిన చెరకు మోపులు మోపులుగా ఎండిపోతోంది. ఇంకా ఆలస్యమైతే రసం పులిసి బెల్లం గట్టిపడదు. మా ఆయన పళ్ళకి ఆకురాయి పట్టారు, ఆముదం పోశారు, మేకులు మార్చారు. అయినా పోలేదు. రాజమండ్రి నుంచి వేరే మనిషిని పిలిపిస్తానన్నారు కామందు గారు. అదే జరిగితే మా ఆయన్ని ఇక ఏ ఊళ్ళోనూ గానుగ ముట్టుకోనివ్వరు.

ఒక రోజు మధ్యాహ్నం నేను గానుగ దగ్గరికి ఆయనకి అన్నం పట్టుకెళ్ళాను. తిని, చెయ్యి కడుక్కుని అలాగే కూలబడ్డారు. వీరమ్మ ఉంటే ఈపాటికి చెప్పేసేదని అక్కడున్న ముసలాయన ఒకడు అన్నాడు. మా ఆయన ఔనన్నట్టు తలూపారు. అది చూశాక నేనాగలేకపోయాను. పక్కనే పడున్న రోకలి అందుకుని ఇరుసుకి ఆనించి చెవి పెట్టాను. ఎద్దుల్ని తోలమన్నాను. చెరకు పెట్టారు.

మొదట వినిపించింది ఇనుము రాపిడే. తర్వాత ఆ మూలుగులోంచే ఒక ఆడగొంతు, పక్కింటావిడ దడి అవతల నుంచి పలకరించినంత మామూలుగా అడిగింది.

"ఆయన అన్నం తిన్నారా, చెల్లీ?"

నాకు భయం వెయ్యలేదు. వచ్చిందంతా కోపమే. నా మొగుడి తిండి సంగతి నన్నడగడానికి ఈవిడెవరు?

"తిన్నారు. నేనే వండి పెట్టాను" అన్నాను, పక్కవాళ్ళకి వినబడకుండా.

మూలుగు ఆగిపోయింది. ఎద్దులు నడుస్తూనే ఉన్నాయి, చెరకు నలుగుతూనే ఉంది. జబ్బెక్కడుందని అందరూ నన్నే అడిగారు. రోకలితో నొక్కినప్పుడు ఇరుసు సర్దుకుందేమోనన్నారు ఎవరో. కావచ్చు. చెరకాడడం అయ్యాక మా ఆయన చక్రాలన్నీ విప్పి చూశారు. ఎక్కడా ఏమీ కనబడలేదు. ఆ ఏటి బెల్లమంతా ఆ గానుగ రసంతోనే వండారు, మళ్ళీ అది మూలగలేదు.

ఆ గొంతు సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఆ రోజు దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చి ఆయనకి అన్నం వడ్డించాను. రెండు ముద్దలు తిన్నాక, తలెత్తకుండా అడిగారు.

"ఆవిడ నా గురించి ఇంకేమైనా అడిగిందా?"

ఆయనకెలా తెలిసిందో ఈనాటికీ నాకు తెలియదు. నేను వండిన అన్నం నోట్లో పెట్టుకుని ఆ మాట అడగడానికి ఆయనకి మనసెలా వచ్చిందో, అదీ తెలియదు.