మామగారి రుచి పరీక్ష

నేను పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చిన కొత్తలో జరిగిందిది. మామగారిది కిరాణా అంగడి. మా ఇంట్లో నీసు గడప తొక్కదు. ఎలుకల కోసం తెచ్చుకున్న పిల్లికేమో పెరుగన్నం పడక ఒకటే వాంతులు. పశువుల డాక్టరు చేపతో చేసిన పొడి పలుకుల మేత పెట్టి చూడమన్నారు. ఎవరికీ చెప్పకుండా చిన్న ప్యాకెట్ తెచ్చి గిన్నెలో పోశాను. పిల్లి వాసన చూసి మొహం తిప్పుకుంది.

అప్పుడే భోజనానికి వచ్చిన మామగారి కళ్లు ఆ గిన్నె మీద పడ్డాయి. కందిపప్పయినా, శనక్కాయలయినా పంటి కింద వేసి చూడందే కొనని మనిషి. "మామా, వద్దు" అనేలోపే ఒక పలుకు కరకరా నమిలేశారు! చేప బొమ్మ ఉన్న ప్యాకెట్‌ను గబుక్కున కొంగులో దాచేశాను.

"సరుకు బాగుండాదమ్మా. వాసనే ఏందో కొత్తగా ఉండాది, ఉప్పు శానా తక్కువ. రోంత ఉడుకు నీళ్లు చల్లు, తింటాది" అన్నారు.

చల్లాను. పిల్లి గిన్నె అడుగుదాకా నాకేసింది!

ఆరేళ్లయింది. ఇప్పటికీ కొత్త మేత డబ్బాలో పోయగానే మామగారు ఒక పలుకు కొరికి సరేనంటేనే పిల్లికి పెట్టాలి. ఈసారైనా నిజం చెప్పేద్దామని నోరు తెరుస్తాను. అప్పటికే ఆయన నములుతూ ఉంటారు.