కొలతలు లేని మందారం

కుట్టుమిషను అమ్మేశాక టైలరు మాస్టారికి పూల బొమ్మల పిచ్చి పట్టుకుంది. పొద్దున్నే మెడలో టేపు వేసుకుని, పెరట్లో మందారం ముందు స్టూలు మీద కూర్చుంటారు. ముందు ఒక్కో రేకునూ టేపుతో కొలిచి అట్ట మీద రాసుకుంటారు. తర్వాత ఇంకుతో గీత గీసి, ఊపిరి బిగబట్టి రంగునీళ్లు అద్దుతారు. మూడో రేకు పూర్తయ్యేసరికి సాయంత్రమై పువ్వు కాస్తా ముడుచుకుపోతుంది. ఆయన పుస్తకం నిండా మూడు రేకుల మందారాలే. "బొమ్మ వేస్తున్నారా, పువ్వుకి జాకెట్టు కుడుతున్నారా?" అంటుంది భార్య. ఒక్క పువ్వయినా పూర్తిగా వేయాలని మాత్రం ఆయనకు మహా ఆశ.

నిన్న చెట్టుకి మిగిలిన ఆఖరి మొగ్గ విచ్చుకుంది. తీరా చూస్తే టేపు కనిపించలేదు. ఇల్లంతా వెతికి, విసుక్కుని, చివరికి కంటికొలతతోనే మొదలుపెట్టారు. మధ్యాహ్నానికల్లా అయిదు రేకులూ కాగితం మీదికి వచ్చేశాయి. అయినా ఆయన మొహం విప్పారలేదు. "ఎడమవైపు రేకు వదులైందే," అన్నారు దిగులుగా. "కాస్త వదులుగా ఉంటేనే గాలాడుతుంది లెండి," అంది ఆవిడ, పప్పు డబ్బాలోంచి టేపు తీసి ఆయన మెడలో వేస్తూ. కొలత తప్పినప్పుడల్లా నలభై ఏళ్లపాటు తన కొట్టుకి వచ్చినవాళ్లకి ఆయన చెప్పి పంపిన మాటే అది. మాస్టారు బొమ్మ కింద సంతకం పెట్టేశారు.