జమ్మని నేను కొట్టించిన కిక్కస

చిత్తూరు నుంచి తిరుపతికి ఈసారి దర్శనం కోసం వెళ్లలేదు, నా మాట నెగ్గించుకోవడానికి వెళ్లాను. అక్కడి పార్కు కుంట ఒడ్డున పెరిగిన గడ్డిని పోయినసారి ఫొటో తీసి మా మొక్కల వాట్సాప్ గ్రూపులో పెట్టి, "ఇది జమ్ము, దోమల పుట్ట, కొట్టేయాల్సిందే" అని రాశాను. నన్ను నమ్మి తిరుపతి సభ్యులు పోయిన ఆదివారం సగం కొట్టేశారు. మిగతాది ఈ ఆదివారం సాయంత్రం ఐదింటికి. ఈలోపు గ్రూపులో ఒకాయన "జమ్మేనా?" అని సందేహపడ్డాడు. ఆయన నోరు మూయించాలని, దగ్గర నుంచి ఫొటోలు తీద్దామని ఆ ఆదివారమే పొద్దున తొమ్మిదింటి బస్సెక్కాను. రెండు గంటల ప్రయాణం, టికెట్టు నూట ఇరవై. బస్టాండు నుంచి ఆటోకి ఎనభై.

"పార్కులో ఏముండాది సార్, గడ్డి తప్ప?" అన్నాడు ఆటో అతను.

"ఆ గడ్డి కోసమే" అన్నాను గర్వంగా.

కుంట దగ్గర తోటపని చేసే మునెమ్మ నేను ఫోనుతో గడ్డి ఫొటోలు తీయడం చూసి దగ్గరికొచ్చింది. "ఎవురో పెద్ద సారు జమ్మని రాసినాడంట. వచ్చి నరికేసినారు. వేర్ల పట్టు లేక మొన్న వానకి ఆ పక్క గట్టు జారిపోయింది. నువ్వేం జేస్తా ఉండావని ఆఫీసోళ్లు నన్ను తిడతా ఉండారు. పనిలోంచి తీసేస్తారేమో సార్." కొడవలితో ఒక కాడ కోసి నా చేతిలో పెట్టింది. "సూడండి, జమ్ముకి గణుపులుంటాయా? ఇది కిక్కస. మా నగరిలో దీంతోనే కండెలు జేసేటోళ్లు. మీకు తెలీదులే."

మాదీ ఆ నేతగాళ్ల ఊరు నగరే. అమ్మ మగ్గం నేస్తుంటే, దారం మోస్తూ అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టి ఇచ్చింది నేనే. పదేళ్లు ఆ బోలు గొట్టాలు నా వేళ్ల మధ్య తిరిగాయి. కోసిన ముక్కలు కట్టలుగా అంగడి నుంచి వచ్చేవి. అవి ఎక్కడ పెరుగుతాయని ఒక్కసారి కూడా అడగలేదు.

"రాసిందెవురో మీకు తెలుసా సార్?"

"తెలీదమ్మా" అన్నాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఐదింటిదాకా ఆమె కంటపడకుండా తిరిగాను. అన్నం కూడా సయించలేదు.

ఐదింటికి కొడవళ్లతో మా గ్రూపు సభ్యులు ఆరుగురు వచ్చారు. మునెమ్మ గడ్డికి అడ్డంగా నిలబడింది. ఇక ఆగలేక, "రాసింది నేనే. తప్పు రాశాను. గట్టు జారింది నా వల్లే, ఈమె తప్పేమీ లేదు" అని చెప్పాను. వాళ్లు గడ్డి ముట్టుకోకుండా వెనుదిరిగారు. ఆ మాటే కాగితం మీద రాసి, సంతకం చేసి పార్కు ఆఫీసులో ఇచ్చాను. మునెమ్మ నన్ను తిట్టలేదు. "పొద్దున్నే చెప్పుండొచ్చు గదా సార్" అంది, అంతే.

గడ్డి పేరు తెలియకపోవడం చిన్న తప్పే. తెలిశాక కూడా "తెలీదమ్మా" అన్నానే, అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఆమె పని నిలిచిందో లేదో కనుక్కోవడానికి వచ్చే వారం మళ్లీ వెళ్లాలి, వెళ్లడానికి మొహం చెల్లడం లేదు. మీరెప్పుడైనా ఇలాంటి కుంట దగ్గరికి వెళితే గడ్డి కాడను తడిమి చూడండి: వెదురులా గణుపులుంటే కిక్కస, గణుపుల్లేకుండా బద్దల్లాంటి ఆకులు మొదట్లోంచే లేస్తే జమ్ము. ఏదైనా, అక్కడ పనిచేసేవాళ్లను అడిగాకే రాయండి.